ఒంట్లో బాగున్నప్పుడే చేయించుకోవాల్సిన పరీక్షలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

నలభై దాటినవారు ముందుజాగ్రత్తగా చేయించుకునే ఆరోగ్య పరీక్షల మీద ఈసారి చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో "ఏ పరీక్షలు చేయించుకోవాలి?" అని అడిగినవి తక్కువ. "మావాళ్లు రానంటున్నారు", "వెళ్లొచ్చాక రిపోర్టు మూలన పడేశారు" అన్నవే ఎక్కువ. అందుకే ఆ సంగతులకే ఎక్కువ చోటిచ్చాం. వాడుతున్న మందులు ఆపడం, మార్చడం మాత్రం మీ డాక్టరును అడిగాకే చేయండి.

ప్రశ్న: మావారికి 54 ఏళ్లు. సిగరెట్లు కాలుస్తారు. ఒక్కసారి పరీక్షలు చేయించుకోమంటే "ఒంట్లో బాగానే ఉంది కదా, వెతుక్కుంటూ వెళ్లి రోగం తగిలించుకోవడం దేనికి?" అంటారు. రెండుసార్లు అపాయింట్‌మెంట్ తీసుకుంటే రెండుసార్లూ పని ఉందని తప్పించుకున్నారు. ఎలా ఒప్పించాలి?

జవాబు: అమ్మా, ఆయన మాటల్లో వాదన కన్నా భయమే ఎక్కువ వినిపిస్తోంది. ఇలాంటి భయాన్ని మరింత భయపెట్టి పోగొట్టలేం. "వదిలేస్తే గుండెపోటు వస్తుంది" అని మీరన్న కొద్దీ ఆయన ఆ ప్రస్తావనే రాకుండా చూసుకుంటారు. అందుకని, ఏదైనా బయటపడితే తర్వాత ఏం చేస్తారో ముందే చెప్పండి. బీపీ ఎక్కువున్నట్టు తేలితే చాలామందికి రోజూ వేసుకునే ఒకటి రెండు మాత్రలతో అదుపులోకి వస్తుంది. షుగర్ హద్దు దగ్గర ఉంటే బరువు తగ్గడం, నడక వంటివాటితో దాన్ని ఏళ్ల తరబడి వెనక్కి నెట్టొచ్చు. తర్వాతి మెట్టు ఇంత చిన్నదని తెలిస్తే మనిషి కాస్త కుదుటపడతాడు.

ఒంట్లో బాగానే ఉందని ఆయన అనడం అబద్ధం కాదు. బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ తొలి ఏళ్లలో ఏ బాధా పెట్టవు. బాధ తెలిసేసరికి కిడ్నీయో కన్నో గుండె రక్తనాళాలో ఎంతోకొంత దెబ్బతిని ఉంటాయి. బాగున్నవాళ్లకోసమే ఈ పరీక్షలు పెట్టారని ఆయనకు చెప్పండి.

ఇక పద్ధతి. "వీలున్నప్పుడు వెళ్దాం" అంటే ఆ వీలు ఎన్నటికీ చిక్కదు. రోజు, గంట, చోటు, ఎలా వెళ్లేది, ఆ పూట ఆయన పని ఎవరు చూసుకునేది, అన్నీ ఆయనతోనే ఒక కాగితం మీద రాయించండి. మీరు తీసుకున్న అపాయింట్‌మెంట్ మీది, ఆయన తన చేత్తో రాసుకున్నది ఆయనది. వారం ముందు ఒకసారి, ముందురోజు సాయంత్రం ఒకసారి గుర్తుచేస్తే చాలు, రోజూ అడగొద్దు. మొదటిసారే పది పరీక్షలు పెట్టుకోకండి. బీపీ ఒక్కటి చూపించుకుని వద్దామనండి. పది నిమిషాల పని. మీ కుటుంబ డాక్టరు ఉంటే ఆయన్నే ఒక ఫోను చేయమనండి. ఇంట్లోవాళ్లు ఏడాదిగా చెబుతున్న మాటే డాక్టరు నోట వింటే కొందరు వెంటనే కదులుతారు. మీ పరీక్ష కూడా అదే రోజుకు పెట్టుకోండి, అప్పుడు ఆయన మీకు తోడు వచ్చినట్టూ ఉంటుంది.

రావడం, రాకపోవడం ఎంత తేడా తెస్తుందో చూడండి. పోలండ్, నార్వే, స్వీడన్‌లలో 55 నుంచి 64 ఏళ్లవారిలో కొందరిని పెద్దపేగు పరీక్షకు (కొలనోస్కోపీకి) పిలిచారు, మిగతావారిని పిలవలేదు. పదేళ్ల తర్వాత లెక్కలు 2022లో బయటికొచ్చాయి. పిలిచినవాళ్లలో నూటికి 42 మందే వచ్చారు. రానివాళ్లను కూడా కలిపి చూస్తే, పిలిచిన గుంపులో పెద్దపేగు క్యాన్సర్లు 18 శాతం తగ్గాయి. పిలిచినవాళ్లంతా వచ్చి ఉంటే ఆ తగ్గుదల 31 శాతం దాకా ఉండేదని అంచనా వేశారు. డాక్టర్లు ఏమీ మారనక్కర్లేదు, పరికరాలు మారనక్కర్లేదు. పిలుపు అందుకున్నవాళ్లు కదిలి వస్తే చాలు, అంత తేడా ఉంది.

ప్రశ్న: ఫుల్ బాడీ చెకప్ ప్యాకేజీలో 80కి పైగా పరీక్షలు చేయించుకున్నాను. వయసు 49. అయిదు అంకెలు ఎర్రగా వచ్చాయి. నిద్ర పట్టడం లేదు.

జవాబు: ముందు ఒక లెక్క. ల్యాబ్‌లు "మామూలు పరిధి" అని వేసేది ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో నూటికి 95 మంది అంకెలు ఇమిడే పరిధి. అంటే ఏ జబ్బూ లేనివారిలో కూడా ఒక్కో పరీక్షకు నూటికి అయిదుగురు ఆ గీత దాటతారు. ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పరీక్షలు చేస్తే, పూర్తి ఆరోగ్యవంతుడికి కూడా కనీసం ఒక్కటైనా ఎర్రగా రావడానికి అవకాశం నూటికి 64. మీరు చేయించుకున్నవి 80 పైన. నాలుగైదు ఎరుపులు వచ్చాయంటే ఆ లెక్కకు సరిపోయినట్టే.

అలాగని ఎరుపులన్నీ చెత్తబుట్టలో వేయమని చెప్పడం లేదు. గీతకు ఎంత దూరంలో ఉందో చూడాలి. పరిధి 40 వరకు ఉన్నచోట 43 రావడం వేరు, 140 రావడం వేరు. పాత రిపోర్టు ఉంటే పక్కన పెట్టి చూడండి, ఏళ్లుగా అదే అంకె ఉంటే అది మీ ఒంటి తీరు కావచ్చు. రిపోర్టు మొత్తం ఒక డాక్టరుకు చూపించి, వీటిలో మళ్లీ చేయించాల్సినవి ఏవి, ఎప్పుడు అని అడగండి.

సీఏ-125, సీఈఏ లాంటి "క్యాన్సర్ మార్కర్లు" కూడా ప్యాకేజీలో ఉంటే వాటి గురించి మాది గట్టి అభిప్రాయం: ఏ లక్షణమూ లేనివాళ్లలో క్యాన్సర్ వెతకడానికి అవి పనికిరావు. మామూలు కారణాలకీ పెరుగుతాయి, తొలిదశ క్యాన్సర్‌లో మామూలుగానూ ఉంటాయి. వాటి ఉపయోగం ఎక్కువగా చికిత్స పొందుతున్నవారిలోనే.

అందరికీ అన్ని పరీక్షలూ చేసేస్తే మరణాలు తగ్గుతాయా అని కాక్రేన్ సంస్థ 2012లోనూ 2019లోనూ ఎన్నో అధ్యయనాలను కలిపి చూసింది. తగ్గినట్టు దాదాపు కనిపించలేదు. దానికి మాకు తోచే ముఖ్యమైన కారణాలు రెండు. ముప్పు ఎక్కువున్నవాళ్లే పిలిచినా రారు. వచ్చినవాళ్లలో బయటపడినదాన్ని చివరిదాకా పట్టించుకునేవాళ్లు తక్కువ. అందుకే తక్కువ పరీక్షలు, సరైన పరీక్షలు చేయించుకుని, ఫలితం వెంట చివరిదాకా వెళ్లమని మేం చెబుతాం.

ప్రశ్న: మరి 45 నుంచి 75 ఏళ్ల మధ్య నిజంగా కావలసిన పరీక్షలేవి?

జవాబు: దేశాన్ని బట్టి జాబితా కొంచెం మారుతుంది. ఇంగ్లండ్‌లో 2009 నుంచి 40–74 ఏళ్లవారిని అయిదేళ్లకోసారి పిలుస్తున్నారు. జపాన్‌లో 2008 నుంచి అదే వయసువారికి ఏటా, నడుము కొలతతో మొదలుపెట్టి చూస్తున్నారు. మూలం మాత్రం ఒకటే.

బీపీ ఏడాదికోసారి. షుగర్ మామూలుగా ఉంటే మూడేళ్లకోసారి, హద్దు దగ్గర ఉంటే ఏటా. పరగడుపున 100 లోపు మామూలు, 100–125 హద్దు, 126 గానీ ఆపైన గానీ ఉంటే షుగర్. హెచ్‌బీఏ1సీలో (కొన్ని నెలల షుగర్ సగటు చెప్పే రక్తపరీక్షలో) అవే మెట్లు 5.7 లోపు, 5.7–6.4, 6.5 ఆపైన. ఏ లక్షణాలూ లేనప్పుడు ఒక్క అంకెతో షుగర్ ఉందని తేల్చకూడదు, రెండోసారి చేసి నిర్ధారించాలి. కొలెస్ట్రాల్ మామూలుగా ఉంటే అయిదేళ్లకోసారి సరిపోతుంది. బీపీ గానీ షుగర్ గానీ ఉన్నవాళ్లు ఏటా క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష), మూత్రంలో ఆల్బుమిన్ (ఒక ప్రొటీన్) చేయించుకోవాలి. కిడ్నీ దెబ్బ తొలుత కనిపించేది చాలామందికి ఆ మూత్రపరీక్షలోనే, ఎక్కువగా వదిలేసేదీ దాన్నే. షుగర్ ఉన్నవాళ్లకు ఏటా కంటి రెటీనా పరీక్ష కూడా. కంటిపాపను పెద్దది చేసే చుక్కలు వేస్తారు, కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది కాబట్టి ఆ రోజు బండి నడపొద్దు.

క్యాన్సర్లలో, ఆడవారికి గర్భాశయ ముఖద్వార పరీక్ష (ఆ క్యాన్సర్ తెచ్చే హెచ్‌పీవీ వైరస్‌కు చేసే పరీక్ష అయితే సాధారణంగా అయిదేళ్లకోసారి), రొమ్ముకు మామోగ్రామ్ (ఎక్స్‌రే) రెండేళ్లకోసారి. ఆడామగా ఇద్దరికీ 45–50 నుంచి 75 దాకా పెద్దపేగు పరీక్ష. అది కంటికి కనిపించని రక్తం కోసం ఏడాదికో రెండేళ్లకో ఒకసారి చేసే మలపరీక్ష కావచ్చు, అంతా బాగుంటే పదేళ్లకోసారి కొలనోస్కోపీ కావచ్చు. రెండింటిలో మీరు నిజంగా చేయించుకునేది ఏదో అదే మీకు మంచిది.

పొగ తాగేవారికి రెండు అదనం. రోజుకో పెట్టె చొప్పున 20 ఏళ్లు కాల్చి, ఇంకా మానని లేదా మానేసి 15 ఏళ్లు కానివారికి, 50–80 వయసులో, ఏటా తక్కువ రేడియేషన్‌తో ఊపిరితిత్తుల సీటీ తీయమని అమెరికాలో 2021 నుంచి సిఫారసు ఉంది. 65 దాటి, ఎప్పుడైనా పొగ తాగిన మగవారికి పొట్టలోని బృహద్ధమని ఉబ్బిందేమో ఒక్కసారి అల్ట్రాసౌండ్‌తో చూస్తే చాలు. ఆ నాళం మామూలుగా 2 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది, 3 దాటితే ఉబ్బు, 5.5కు చేరితే ఆపరేషన్ ఆలోచిస్తారు. అది పగిలేదాకా ఏ బాధా తెలియనివ్వదు. బ్రిటన్‌లో 65–74 ఏళ్ల మగవారిని ఈ స్కాన్‌కు పిలిస్తే ఆ ఉబ్బు వల్ల వచ్చే మరణాలు నాలుగేళ్లలో 42 శాతం తగ్గాయని 2002లో తేలింది. అక్కడ పిలిచినవారిలో నూటికి 80 మంది వచ్చారు.

ప్రోస్టేట్‌కు పీఎస్‌ఏ రక్తపరీక్ష అందరికీ చేసేది కాదు. 55–69 మధ్య మగవారు లాభనష్టాలు డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోవాలి. ఆడవారికి 65 నుంచి ఎముకల సాంద్రత చూసే డెక్సా పరీక్ష. దానికి ముందు 24 గంటలు కాల్షియం మాత్రలు ఆపండి.

ప్రశ్న: ఆసుపత్రిలో బీపీ 158/94 వచ్చింది. ఇంట్లో మిషన్‌తో 132/82 చూపిస్తోంది. ఏది నమ్మాలి? నాకు 61 ఏళ్లు, లావుగా ఉంటాను.

జవాబు: రెండూ అనుమానించాల్సినవే, ఎందుకంటే ఎలా కొలిచారో మీరు రాయలేదు. బీపీ పరీక్ష తేలికే కానీ తప్పులు ఎక్కువగా జరిగేదీ దానిలోనే.

మీరు లావుగా ఉంటారన్నారు కాబట్టి ముందు పట్టీ సంగతి. పట్టీ లోపల గాలి నిండే రబ్బరు సంచి ఉంటుంది. దాని పొడవు మీ దండచెయ్యి చుట్టుకొలతలో 80 శాతమైనా ఉండాలి. చిన్నదైతే అంకె ఎక్కువ చూపిస్తుంది. చాలా పెద్ద పట్టీ కావలసిన చేతికి మామూలు పట్టీ కట్టి కొలిస్తే పై అంకె దాదాపు 20 పాయింట్లు ఎక్కువ వచ్చిందని 2023లో వచ్చిన ఒక పరిశోధనలో తేలింది. టేపుతో మీ దండచెయ్యి మధ్యలో చుట్టుకొలత తీసి, సెంటీమీటర్లలో ఆ అంకె గుర్తుపెట్టుకోండి. పట్టీ మీద ఏ కొలత చేతులకు సరిపోతుందో అచ్చువేసి ఉంటుంది. కుదరకపోతే "పెద్ద పట్టీ వేయండి" అని అడగడానికి మొహమాటపడొద్దు.

తర్వాత చెయ్యి. చెయ్యి బల్ల మీద, గుండె ఎత్తులో ఆనాలి. ఒళ్లో పెట్టుకుంటే పై అంకె 4 పాయింట్ల దాకా, పక్కన వేలాడదీస్తే 6–7 పాయింట్ల దాకా ఎక్కువ వస్తుంది. పట్టీ చొక్కా మీద కాకుండా ఒంటిమీదే కట్టాలి. వీపు కుర్చీకి ఆనాలి, పాదాలు నేలకు ఆనాలి, కాలు మీద కాలు వేసుకోకూడదు. అయిదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. అరగంట ముందు నుంచి సిగరెట్, కాఫీ, టీ, వ్యాయామం వద్దు. మూత్రం పోసి రావాలి. కొలిచేటప్పుడు మాట్లాడకూడదు, ఎదుటివాళ్లు అడిగినా సరే. మొదటిసారి రెండు చేతులకూ చూసి, ఎక్కువ వచ్చిన చేతినే తర్వాత వాడాలి.

ఇప్పుడు మీ రెండు అంకెల్లో ఏది నిజమో తేల్చుకునే పద్ధతి. ఏడు రోజులు, ఉదయం మందులు, టిఫిను కంటే ముందు, మళ్లీ సాయంత్రం, ప్రతిసారీ ఒక నిమిషం తేడాతో రెండుసార్లు కొలిచి రాయండి. మొదటిరోజు అంకెలు వదిలేసి మిగతావాటి సగటు తీయండి. సగటు 135/85 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే బీపీ ఉన్నట్టే. తక్కువ ఉండి, ఆసుపత్రిలో మాత్రమే 140/90 దాటుతుంటే దాన్ని తెల్లకోటు బీపీ అంటారు. దానికి వెంటనే మాత్రలు అక్కర్లేకపోవచ్చు, కానీ అలాంటివారిలో కొందరికి తర్వాత నిజంగానే బీపీ వస్తుంది, కాబట్టి ఏటా చూడాలి. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ ఏడు రోజుల కాగితంతో పాటు మిషన్ కూడా తీసుకెళ్లండి, వాళ్ల మిషన్ పక్కన పెట్టి సరిచూస్తారు.

ప్రశ్న: మా అత్తయ్యకు 66 ఏళ్లు, షుగర్, బీపీ రెండింటికీ మాత్రలు వేసుకుంటారు. రేపు పరగడుపు పరీక్ష. మాత్రలు వేయాలా వద్దా? పోయినసారి ల్యాబ్‌లోనే కళ్లు తిరిగి కూర్చుండిపోయారు.

జవాబు: పరగడుపు అంటే ఆహారం లేకుండా 8 గంటలు. మంచినీళ్లు తాగొచ్చు, తాగాలి కూడా. నీళ్లు తాగని మనిషికి నరం దొరకడం కష్టం. బీపీ మాత్ర మామూలు వేళకే నీళ్లతో వేయండి, డాక్టరు ప్రత్యేకంగా వద్దంటే తప్ప. షుగర్ మాత్ర, ఇన్సులిన్ మాత్రం సాధారణంగా రక్తం ఇచ్చి, వెంటనే తినేటప్పుడు. గ్లిమెపిరైడ్ లాంటి మాత్రగానీ ఇన్సులిన్‌గానీ తీసుకుని ఏమీ తినకుండా క్యూలో నిలబడితే షుగర్ పడిపోతుంది. పోయినసారి ఆమెకు కళ్లు తిరగడానికి అదీ ఒక కారణం కావచ్చు, ఆ సంగతి డాక్టరుకు చెప్పండి. ఉదయం మొదటి అపాయింట్‌మెంట్ తీసుకుని, తినడానికి ఏదైనా చేతిలో పెట్టుకు వెళ్లండి. రాత్రి ఎనిమిదికి తిని మర్నాడు పదకొండింటికి రక్తం ఇచ్చే పరిస్థితి రానీయొద్దు.

పరగడుపు అక్కర్లేని పరీక్షలు చాలా ఉన్నాయి. హెచ్‌బీఏ1సీ గత రెండు మూడు నెలల సగటు చెబుతుంది, ఎప్పుడైనా ఇవ్వొచ్చు. కొలెస్ట్రాల్ కూడా చాలామందికి తిన్నాక ఇచ్చినా సరిపోతుంది. ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని ఒక రకం కొవ్వు) 400 దాటితేనే పరగడుపున మళ్లీ చేస్తారు. క్రియాటినిన్, థైరాయిడ్‌లకూ సాధారణంగా పరగడుపు అవసరం లేదు. కాబట్టి పెద్దవాళ్లను అనవసరంగా ఆకలితో ఉంచకుండా, ఏ పరీక్షకు నిజంగా కావాలో ల్యాబ్‌ను ముందురోజే అడగండి.

ఇంకా కొన్ని. ఇనుము తక్కువై రక్తహీనత ఉన్నవారిలో హెచ్‌బీఏ1సీ ఉన్నదానికన్నా ఎక్కువ చూపించొచ్చు, ఈమధ్య రక్తం పోయినా ఎక్కించినా తక్కువ చూపించొచ్చు. జుట్టు, గోళ్ల కోసం బయోటిన్ మాత్రలు వాడుతుంటే థైరాయిడ్ అంకెలు తారుమారవుతాయి, కనీసం రెండు రోజుల ముందు ఆపి, వాడుతున్నట్టు చెప్పండి. రక్తం తీసేటప్పుడు పిడికిలి పదేపదే బిగించి వదిలితే పొటాషియం పెరిగినట్టు కనిపిస్తుంది, ఒకసారి మూసి ఉంచితే చాలు. ఆల్బుమిన్ పరీక్షకు ఉదయం లేచాక తొలి మూత్రం మంచిది. జ్వరం, మూత్రంలో మంట, ముందురోజు గట్టి వ్యాయామం ఉంటే వాయిదా వేయండి.

ప్రశ్న: పెద్దపేగు పరీక్షకని మలపరీక్ష కిట్ ఇచ్చారు. మూడు నెలలుగా అలమారాలోనే ఉంది. ఎలా చేయాలో అర్థం కాలేదు, అసహ్యంగా కూడా ఉంది.

జవాబు: మీ ఒక్కరికే కాదు, ఈ కిట్లు తీసుకుని తిరిగివ్వనివాళ్లు చాలామంది. చేసే పని మాత్రం రెండు నిమిషాలది. ముందు కిట్ మీద గడువు తేదీ చూడండి, దాటిపోతే కొత్తది అడగండి.

సీసా మూతకు ఒక సన్నని పుల్ల అతికి ఉంటుంది, దాని కొసన గాడులు ఉంటాయి. మలం నీళ్లలో పడకుండా ముందే ఒక శుభ్రమైన డబ్బానో, మడిచిన కాగితాల పొరనో పెట్టుకోండి. నీళ్లు తగిలితే శాంపిల్ పలచబడిపోతుంది. మూత్రం ముందే పోసి రండి. పుల్ల కొసను మలం పైన నాలుగైదు చోట్ల గీకండి, గాడులు నిండితే చాలు. ముద్దలా తీసి కుక్కడం తరచుగా జరిగే తప్పు. ఎక్కువ పెడితే మంచిది అనుకుంటారు కానీ కొలత మారిపోయి శాంపిల్ పనికిరాకుండా పోతుంది. పుల్లను సీసాలో పెట్టి టక్‌మనే దాకా మూత బిగించి ఊపండి, మళ్లీ తెరవొద్దు. తేదీ రాయండి. తేదీ రాయని సీసాలను ల్యాబ్ పక్కన పెట్టేస్తుంది. వేడికి శాంపిల్‌లోని హీమోగ్లోబిన్ విరిగిపోయి, ఉన్న రక్తం కూడా కనపడకపోవచ్చు, అందుకే ఎండ తగలనీయకుండా వీలైనంత త్వరగా, వీలైతే ఆ రోజే పంపండి. కొత్తరకం కిట్లకు తిండి విషయంలో పథ్యం ఏమీ అక్కర్లేదు. మలంలో కంటికి కనిపించేలా రక్తం పోతుంటే మాత్రం ఈ కిట్ మీద ఆధారపడొద్దు, నేరుగా డాక్టరు దగ్గరికి వెళ్లండి.

పాజిటివ్ వస్తే అది క్యాన్సర్ అని అర్థం కాదు. చాలామందిలో పాలిప్ అనే చిన్న కండగానీ, మొలలుగానీ కారణమవుతాయి. కానీ ఆ తర్వాత కొలనోస్కోపీ చేయించుకోవాలి, అందులో రెండో మాట లేదు. "మళ్లీ ఒకసారి కిట్‌తో చూద్దాం" అని చేయించుకుని నెగెటివ్ వచ్చిందని ఊరుకోవడం పెద్ద పొరపాటు. కణితులు రోజూ రక్తం కార్చవు. పాజిటివ్ వచ్చి 10 నెలలు దాటాక కొలనోస్కోపీకి వచ్చినవారిలో క్యాన్సర్లు ఎక్కువ, ముదిరినవీ ఎక్కువ అని 2017లో ఒక పెద్ద పరిశీలన చెప్పింది. కొన్ని వారాల్లో చేయించుకోండి.

ప్రశ్న: ఆరేళ్ల కిందట గర్భాశయ ముఖద్వార పరీక్ష చేయించుకున్నప్పుడు చాలా నొప్పి పుట్టింది, కసురుకున్నారు కూడా. మళ్లీ వెళ్లలేదు. ఇప్పుడు 57 ఏళ్లు, నెలసరి ఆగిపోయింది.

జవాబు: మీకు జరిగింది తప్పు, మీరు వెళ్లకపోవడంలో ఆశ్చర్యం లేదు. కానీ ఈసారి అలా కానక్కర్లేదు.

నెలసరి ఆగాక ఆ భాగం పొడిబారుతుంది, నొప్పికి అది పెద్ద కారణం. ముందుగా డాక్టరును అడిగితే కొన్ని వారాలు లోపల రాసే ఈస్ట్రోజన్ క్రీము ఇవ్వొచ్చు. అయితే పరీక్షకు రెండు రోజుల ముందు ఏ క్రీమూ రాయొద్దు. గదిలోకి వెళ్లగానే, బట్టలు మార్చుకోకముందే మూడు మాటలు చెప్పండి: "పోయినసారి చాలా నొప్పి పుట్టింది. చిన్న పరికరం వాడండి. ఆపమంటే ఆపండి." లోపల పెట్టే స్పెక్యులమ్‌లో చిన్న సైజులు ఉంటాయి. మహిళా సిబ్బంది కావాలని, తోడు మనిషి ఉండాలని అడిగే హక్కు మీకుంది.

అసలు ఆ పరికరమే వద్దనుకుంటే, హెచ్‌పీవీ పరీక్షకు శాంపిల్ మీరే తీసుకోవచ్చు. మెత్తని బ్రష్‌లాంటి దాన్ని లోపలికి పెట్టి కొన్నిసార్లు తిప్పి సీసాలో వేస్తే అయిపోయింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఈ పద్ధతిని ఆమోదించింది. మీ దగ్గర దొరుకుతుందేమో అడగండి. పాజిటివ్ వస్తే మాత్రం తర్వాతి పరీక్ష డాక్టరు చేయాల్సిందే.

మామోగ్రామ్‌కు జంకే వారికి కూడా ఒక మాట. నొక్కి ఉంచేది ఒక్కో ఫొటోకు కొన్ని సెకన్లే. ఆ రోజు చంకల్లో పౌడరు, డియోడరెంట్ వాడొద్దు, ఫొటోలో అవి సున్నపు చుక్కల్లా కనిపించి కంగారు పెడతాయి.

ప్రశ్న: మా నాన్నగారికి 84. మతిమరుపు ముదిరింది, నడవడానికి సాయం కావాలి. ఈ పరీక్షలన్నీ ఆయనకూ చేయించాలా?

జవాబు: వద్దు. రొమ్ము, పెద్దపేగు క్యాన్సర్ల పరీక్షల లాభం అందడానికి దాదాపు పదేళ్లు పడుతుంది. ఇబ్బంది మాత్రం ఆ రోజే మొదలవుతుంది. ఆయనకు చూడాల్సినవి వేరు: కన్ను, చెవి, పళ్లు, బరువు తగ్గుతోందా, వాడుతున్న మాత్రల్లో ఆపదగినవి ఏవి. కూర్చున్నప్పుడు, లేచి నిలబడ్డాక మూడు నిమిషాల్లోపు బీపీ కొలవమనండి. పై అంకె 20 తగ్గితే ఆయన తూలి పడే ప్రమాదం ఉంది, బీపీ మాత్రలు తగ్గించాల్సి రావచ్చు.

ప్రశ్న: మా ఉద్యోగుల సంఘం తరఫున ఏటా బీపీ, షుగర్ శిబిరం పెడతాం. కరపత్రాలు పంచినా సగం మంది రారు. వచ్చి, ఎక్కువ ఉందని తెలిసినవాళ్లు కూడా డాక్టరు దగ్గరికి వెళ్లడం లేదు. ఏం మార్చాలి?

జవాబు: మీ రెండో బాధ మొదటిదానికంటే పెద్దది, అక్కణ్నుంచే మొదలుపెట్టండి. ఎక్కువ వచ్చినవాళ్లను ఏ డాక్టరు, ఏ రోజు చూస్తారో తేలకుండా శిబిరం తేదీ ప్రకటించొద్దు. శిబిరం తర్వాతి రెండు వారాల్లో కొన్ని అపాయింట్‌మెంట్లు ముందే పట్టి ఉంచి, ఎక్కువ వచ్చిన మనిషి కుర్చీలోంచి లేవకముందే రోజు, గంట రాసిన చీటీ చేతిలో పెట్టండి. "డాక్టరుకు చూపించుకోండి" అని నోటితో చెప్పి పంపడం దగ్గరే మనుషులు జారిపోతారు.

పిలిచే పద్ధతికి వస్తే, కరపత్రం ఎవరికో పంచినట్టుంటుంది. ప్రతి ఒక్కరికీ పేరుతో, గంటతో పిలుపు పంపండి: "మీకు మంగళవారం 10:20కి." కుదరనివారు మార్చుకోవడానికి ఒక ఫోన్ నంబరు ఉండాలి. వారం ముందు, ముందురోజు ఒక్కో మెసేజ్. రానివారికి నింద లేకుండా ఇంకో గంట ఇస్తూ మళ్లీ పిలవండి, రెండో పిలుపుకు వచ్చేవాళ్లు ఉంటారు. పొగ తాగేవాళ్లు, నలభైల్లో ఉన్న మగవాళ్లు, రాత్రి షిఫ్టులవాళ్లు తక్కువగా వస్తారు. వాళ్లకోసం షిఫ్టు మారే వేళల్లో ఒక బల్ల వేయండి.

గదిలో పదిమంది ఎదుట అంకె పైకి చదవొద్దు, ఒక తెర కట్టండి. మూడు సైజుల పట్టీలు, చెయ్యి ఆన్చడానికి బల్ల, వీపు ఆనే కుర్చీ, కొలిచేముందు అయిదు నిమిషాలు కూర్చునే చోటు ఉండాలి. మెట్లెక్కి వచ్చినవాళ్ల చేతికి వెంటనే పట్టీ కడితే మీ శిబిరమే లేని బీపీలు పుట్టిస్తుంది. ఎక్కువ వస్తే నిమిషం ఆగి ఇంకో రెండుసార్లు కొలిచి, చివరి రెండింటి సగటు రాయండి. 180/120 దాటి, ఛాతీనొప్పి, ఆయాసం, మాట తడబాటు, చెయ్యి కాలు పట్టుతప్పడం, చూపు మసకబారడం, వీటిలో ఏది ఉన్నా అక్కణ్నుంచి నేరుగా ఎమర్జెన్సీకి పంపాలి. ఏ లక్షణమూ లేకపోతే కాసేపు కూర్చోబెట్టి మళ్లీ చూసి, తగ్గకపోతే ఆ రోజే డాక్టరుతో మాట్లాడించండి. వేలిచుక్కతో షుగర్ ఎక్కువ వచ్చినా దాన్ని "షుగర్ ఉంది" అని రాయొద్దు, "ల్యాబ్‌లో నిర్ధారించాలి" అని రాయండి. పంచదార తగిలిన వేలితో చూసినా అంకె పెరుగుతుంది, ముందు చేతులు కడిగించండి.

రిజిస్టరులో పేరు, అంకె పక్కన ఇంకో మూడు గడులు గీయండి: డాక్టరును కలిసే తేదీ, కలిశారా, ఏం తేలింది. ఆ గడులు నింపే బాధ్యత ఒక్క మనిషికి, పేరుతో అప్పగించండి. రెండు వారాలకు ఒకసారి, ఆరు వారాలకు ఒకసారి ఆ మనిషి ఫోను చేసి కనుక్కోవాలి. ఎవరి అంకె ఎంతో సంఘంలోగానీ పై అధికారులకుగానీ తెలియకూడదు, ఆ మాట పిలుపులోనే రాయండి. ఉద్యోగానికి ఎసరు వస్తుందన్న భయంతో ఆగిపోయేవాళ్లు ఉంటారు. వచ్చే ఏడాది శిబిరం పెట్టేముందు ఆ మూడో గడిలో ఖాళీగా మిగిలిన పేర్లవాళ్లకే మొదటి పిలుపు వెళ్లాలి.